తొమ్మిదో ట్రాక్

‘నొప్పి’ అనే ఒక్క మాట కోసం అరవై రెండు క్యాసెట్లు విన్నాను.

నేను ఓడల్లో పనిచేసినన్నాళ్లూ నా భార్య ఉత్తరాలకు బదులు మాట్లాడి పంపిన క్యాసెట్లవి. మొన్న పక్షవాతం ఆమె మాటనూ కుడిచేతినీ తీసుకుపోయింది. రికార్డింగు షాపతను క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. కావలసిన మాట దగ్గరల్లా ట్రాక్ గుర్తు పెట్టి డిస్కు చేస్తే, రిమోట్ మీద అంకె నొక్కి తన గొంతుతోనే అడుగుతుందని నా ఆశ.

కుళాయి కబుర్లలో ‘నీళ్లు’ దొరికింది. పిల్లల కబుర్లలో ‘ఆకలి’, ‘నిద్ర’, ‘భయం’ దొరికాయి. అలా ఎనిమిదయ్యాయి. “మేం బాగానే ఉన్నాం, మీరేం కంగారుపడకండి” మాత్రం ప్రతి క్యాసెట్లోనూ ఉంది.

“తొమ్మిదోది మీరే చెప్పేయండి బాబాయ్, కలిపేస్తా” అన్నాడు షాపతను.

“దాని నొప్పి నేనెలా చెప్పనయ్యా?” అని అరిచాను. “మళ్లీ మొదట్నించి పెట్టు.”

పురుటి నెలలో పంపింది విన్నాం. చెయ్యి విరిగినప్పుడు పంపిందీ విన్నాం. అది విరిగిన సంగతి నాకు ఏడాది తర్వాత ఇంటికొచ్చాకే తెలిసింది. ఎక్కడా ఆ మాట లేదు.

చివరికి తొమ్మిదో గుర్తు పెట్టించి, అక్కడ ఖాళీ వదిలేసి తెచ్చాను. తొమ్మిది మాటలూ కాగితం ముక్కల మీద రాసి రిమోట్ మీటల మీద అంటించాను. దాన్ని ఆమె ఎడమచేతిలో పెట్టాను.

“ఏం కావాలి నీకు? చెప్పు.”

ఆమె తొమ్మిది నొక్కింది. ప్లేయర్ మీద అంకె వెలిగింది. గదిలో చప్పుడు లేదు.

నా వైపే చూస్తూ మళ్లీ తొమ్మిదే నొక్కింది.

నేను లేచి వెళ్లి వాల్యూం పెంచాను.