ఎర్రడబ్బా

"ఎర్రడబ్బా ఎవరో కాస్త లేచి నిలబడండి" అని మైకులో మూడోసారి అడిగింది కాలనీ టైలరమ్మ.

ఎర్రడబ్బా లేవలేదు. నాలుగు నెలల కిందట మున్సిపాలిటీలో రిటైరైన గుమాస్తా లేచాడు.

"మీరేనా బాబాయిగారూ?"

"నేను కాదమ్మా. వాడు దొంగ అని చెప్పడానికి లేచాను."

స్కూలు హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. వెనక వరసలో ఆయన భార్య మాత్రం కొంగు భుజం మీదికి సర్దుకుంది.

కాలనీవాళ్లు తలా ఒక కుర్చీ మోసుకొచ్చి పెట్టుకున్న సభ అది. వీధి కష్టాలను ఫోన్లలో ఎలా చెప్పుకోవాలి, విన్నవాళ్ల చేత పని ఎలా చేయించాలి అని పొద్దున్నుంచి మాట్లాడుకుంటున్నారు. మూడు నెలలుగా కాలనీ గ్రూపులో ఎర్రడబ్బా పేరుతో ఎవరో ఆకాశరామన్న వారానికొక ఉత్తరం పెడుతున్నాడు. ఆ పుణ్యమా అని కుళాయి దగ్గర దీపం వెలిగింది. స్కూలు ముందు కాలవ మీద పలకలు పడ్డాయి. ఆ ఉత్తరమే ఇప్పుడు తెర మీద ఉంది. 'అయ్యా, కాలవ దాటడానికి మా పిల్లలకు రెక్కలు లేవు.'

"ఆ మాట నాది. ముప్పై ఏళ్ల కిందట సిరాపెన్నుతో రాశాను" అన్నాడు గుమాస్తా.

కిటికీ పక్క బల్ల గుర్తొచ్చింది. వేళ్లకంటిన సిరా గుర్తొచ్చింది. చంకనేసుకుని కాలవ దాటించిన కూతురు గుర్తొచ్చింది. పేపరుకు రాసే ఉత్తరం కింద పేరు, హోదా పొల్లుపోకుండా రాసి, కవరు అంటించి భార్య చేతికిచ్చేవాడు. వీధి చివరి తపాలా డబ్బాలో వేయమని. ఆమె పాలకు వెళ్తూ పట్టుకెళ్లేది. ఆదివారం పేపరు రాగానే ఇద్దరూ తలలు ఆనించి ఒకే పేజీలో వెతికేవారు. పేరు ఒక్కసారీ పడలేదు. అయినా ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు.

ఆయన ముందు వరసలో అతిథిగా కూర్చున్న ఆ పేపరు ముసలి ఎడిటర్ వైపు తిరిగాడు.

"ఆ ఉత్తరాలు ఎరిగినవాళ్లం ఇద్దరమే. రాసిన నేను, బుట్టదాఖలు చేసిన మీరు. అచ్చెయ్యలేదు, సరే. ఇన్నాళ్లకు దొంగపేరుతో మీరే పెట్టుకోవడమేమిటండీ?"

ఎడిటర్ చేతికర్ర ఊతంగా లేచాడు. "మీ ఉత్తరం ఒక్కటి కూడా నాకు చేరలేదు బాబూ. ఆ రెక్కల మాట నా బల్ల మీదికి వచ్చుంటే మొదటి పేజీలో వేసేవాణ్ణి."

"నలభై రాశాను. నలభయ్యీ గాల్లో కలిసిపోయాయా?"

"ఏమో. నేను మాత్రం చూడలేదు."

గుమాస్తా ఎడిటర్ దగ్గరికి నడిచాడు. "నాకు రాయడం చేతకాదనుకున్నానండీ. అందుకే పెన్ను మూసేశాను. ఒక్కటైనా చదివానని చెప్పండి, చాలు."

ఎడిటర్ అడ్డంగా తలూపాడు.

"ఏమండీ, ఆ పెద్దాయన్ని వదిలెయ్యండి." భార్య వెనక వరసలోంచి లేచి వస్తోంది. చేతిలో ఫోను, చంకలో సంచీ.

"నీకు తెలీదు, నువ్వు కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఆయన పక్కకు వచ్చి సంచీ బల్ల మీద బోర్లించింది. పసుపు రంగుకు తిరిగిన కవర్లు జారిపడ్డాయి, కొన్ని విప్పినవి. వాటిమీద తపాలా బిళ్లలు అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. తపాలా ముద్ర ఒక్కదాని మీదా లేదు.

"మున్సిపాలిటీ జీతం తింటూ, కింద హోదా రాసి మరీ మున్సిపాలిటీని కడిగేస్తిరి. ఒక్కటి అచ్చయినా ఉద్యోగం ఊడేదని డబ్బాలో వెయ్యకుండా దాచాను" అంది ఆయన కళ్లలోకి చూడలేక. "ఇప్పుడు ఊడటానికి ఉద్యోగం లేదుగా, అందుకే వారానికొకటి గ్రూపులో వేస్తున్నాను."