పంతొమ్మిదిన్నర అంగుళాలు

"నేల కింద ఉన్న చదరపు అడుగు అడుగు కాదంటారా?" లోవెల్ వెనకే మెట్లు దిగుతూ అడిగాడు వెర్లిన్.

"అడుగే. కానీ ఇంటి విస్తీర్ణంలో కలపం. గోడ ఒక్క పక్క మట్టిలో ఉన్నా అంతస్తంతా బేస్‌మెంటే. వేరే గడిలో రాస్తాం. ధర కూడా పైదాంట్లో సగమే."

బ్యాంకుల తరఫున ఇళ్లకు విలువ కట్టడం లోవెల్ పని. మిన్నెసోటాలో ఈ మాట చెప్పి తిట్లు తినని వారం లేదతనికి.

"ధర సంగతి వదిలేయండి. దీన్ని పడకగది అని రాయండి, చాలు. లేకపోతే మా అమ్మ రానంటోంది."

కొత్త మంచం మీద, దూది కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది ఆర్డిస్. డెబ్బై ఎనిమిదేళ్లు. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోందని, కొడుకు రెండు చలికాలాలు కష్టపడి ఈ గది కట్టాడు.

"మరేం? బ్యాంకు మనిషి పడకగది అంటేనే వస్తానన్నా. గోదాంలో పడుకుంటానా?" అందామె. "తివాచీ చూశావా బాబూ? మావాడే పరిచాడు. ఆ మూల వంకర వాళ్ల నాన్న పోలిక."

లోవెల్ కిటికీకి టేపు పెట్టాడు. నిట్టూర్చాడు.

"పడకగది అనాలంటే, నిప్పంటుకున్నప్పుడు కిటికీలోంచి మనిషి బయటపడేలా ఉండాలండీ. వెడల్పు ఇరవై అంగుళాలు కావాలి. ఇది పంతొమ్మిదిన్నర."

వెర్లిన్ మొహం మాడిపోయింది. "అర అంగుళం కోసం మా అమ్మ ఒంటరిగా పడుండాలా?"

"ఆ తేడా నా గోరంత లేదు కదయ్యా!" అంది ఆర్డిస్. "నా కొడుకు మొహం చూడు."

లోవెల్ చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ఇరవై ఏళ్లలో ఎన్నడూ చేయని పనికి మనసు ఒప్పేసుకుంది.

"టేపు కాస్త వదులుగా పడితే ఇరవై వచ్చేట్టే ఉంది," అని గొణిగి పెన్సిలు తీశాడు.

ఆర్డిస్ చివాల్న లేచింది. "వద్దు! మా ఇంట్లో దొంగ లెక్కలొద్దు. నేనే దూరి చూపిస్తా."

"అమ్మా, పిచ్చా నీకు? ఆ కోటన్నా విప్పు!"

"మంటల్లోంచి మంచులోకి కోటు లేకుండా పరిగెత్తమంటావురా?"

స్టూలెక్కింది. తల దూరింది. భుజాలు దూరాయి. ఆ తర్వాతి భాగం దూరలేదు. గదిలో రెండు కాళ్లు గాల్లో ఈత కొడుతున్నాయి.

"చోద్యం చూస్తారేం? లాగండి!" బయటి మంచులోంచి కేక. "మర్యాదగా లాగండి!"

పది నిమిషాలు లాగితే గానీ ఊడిరాలేదు. ఇక లోవెల్ చేసేదేముంది? 'పడకగది కాదు' అని రాశాడు.

"గోడ కోయించి పెద్ద కిటికీ పెట్టిస్తానమ్మా," అన్నాడు వెర్లిన్, ఏడుపు గొంతుతో.

"పునాది గోడ కోస్తావా? ఇల్లు కూలుతుందిరా! నీ తప్పేం లేదు నాన్నా. ఈ మనిషికే దయ లేదు." లోవెల్‌ను కొరకొరా చూసి, కళ్లు ఒత్తుకుంటూ వెళ్లి తన కారెక్కింది.

లోవెల్ క్షమాపణ చెప్పుకుందామని వెనకే వెళ్లాడు. అద్దం సగం దించి ఉంది. ఆర్డిస్ ఫోనులో మాట్లాడుతోంది.

"ఆర్విల్, గండం గడిచింది, పెళ్లి సూటు బయటికి తీయి!"