ఆరు నిమిషాలు

“చూశావా, టైమైనా రాలేదు, బస్సు కూడా ఆ టవర్లవాళ్లతో కుమ్మక్కయింది!” పక్కింటి హెర్మీనా బస్‌స్టాప్‌కి రాగానే పోల్డీ ప్లకార్డు ఊపుతూ రుసరుసలాడాడు.

ఆల్ప్స్ కొండల మీదుగా పక్క దేశాలకు పెద్ద టవర్లతో వేయబోయే కరెంటు లైను మీద ఆ సాయంత్రం సభ. ప్లకార్డు మీద పెద్ద అక్షరాలు: ‘మా కరెంటు మాకు చాలు. ఎవరితోనూ తీగ కలపం.’

హెర్మీనా చేతి గడియారం చూపించింది. “బస్సుకి ఇంకా టైముందయ్యా. నువ్వే ముందొచ్చావు.”

“ఓవెన్ మీద గడియారం చూసే బయల్దేరాను. పోయిన నెల అది ఆరు నిమిషాలు వెనకబడి నా బస్సు తప్పించింది. నా చేత్తో నేనే సరిచేశాను.”

“అయ్యో, దాన్నెందుకు ముట్టుకున్నావు? దక్షిణాన రెండు దేశాలు కరెంటు దగ్గర కొట్టుకుంటే ఇక్కడ కరెంటు లయను బట్టి నడిచే మన ఓవెన్ గడియారాలన్నీ నెమ్మదించాయి. అందరివీ కలిసిన తీగలే కదా! వాటిని ముట్టుకోవద్దని రేడియోలో మొత్తుకున్నారు. తర్వాత కరెంటు సంస్థలవాళ్లే దాన్ని కాస్త జోరుగా నడిపి ఆ ఆరు నిమిషాలూ తిరిగిచ్చేశారు. నేను ముట్టుకోలేదు, నాది ఇవాళ సరిగ్గా ఉంది, నీది ఆరు నిమిషాలు ముందుంది.”

“మా కప్పు మీద సోలార్ పలకలున్నాయమ్మా! మాకెవరితో పని?”

“మరి రాత్రిళ్లు నీ గడియారాన్ని ఎవరు నడుపుతున్నారయ్యా?”

పోల్డీ ప్లకార్డును కిందికి దించాడు.

“పోనీలే. ఎవరితోనూ కలవని గడియారం ఊరు మొత్తానికి నీ ఒక్కడింట్లోనే ఉంది.”

బెంచీ మంచుతో గడ్డకట్టి ఉంది. పోల్డీ రాత కిందికి వచ్చేలా ప్లకార్డును దాని మీద పరిచి, ఆమెకు కాస్త చోటు వదిలి కూర్చున్నాడు.