ఆకలికి మార్కులు

ఆకలేస్తే మెదడు గుండెకు ఏం చెబుతుందో కనిపెట్టడం మా చెల్లి పరిశోధన. వేళకు మనుషులు దొరక్క, పొద్దుటి నుంచి ఏమీ తినని నన్ను కూర్చోబెట్టింది.

తలకూ ఛాతీకీ తీగలు అంటించి, ఎదురుగా వేడి అన్నం పళ్లెం పెట్టింది.

"ఆకలికి పదికి ఎన్ని మార్కులేస్తావక్కా?"

"సున్నా."

తెర మీద నా గుండె గీత ఎగిరెగిరి పడుతోంది. చెల్లి తీగలు మార్చి మళ్లీ అడిగింది. మళ్లీ సున్నాయే అన్నాను.

"మిషనే తప్పయితే నా ఆరేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే!" అంటూ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది.

దేవుణ్ణి తలుచుకుని నిజం చెప్పేశాను. "మిషను మంచిదేనే. పళ్లెం చూస్తే ప్రాణం లేచొస్తోంది. ఆకలి లేదనడం నాకు నోటి అలవాటు."

"చంపేశావు కదక్కా!" అని ఊపిరి పీల్చుకుని నవ్వింది. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది.

"చిన్నప్పుడు గిన్నెలో మిగిలిందంతా మాకే పెట్టి, ఆకలి లేదనేదానివి..."

"అప్పుడు నిజంగానే లేదులేవే," అన్నాను నింపాదిగా.

చెల్లి నా ముఖం చూడలేదు. తెర మీద అంతకంతకూ ఎగురుతున్న గీతనే చూస్తూ, నా కోసం ముద్ద కలిపింది.