గ్లాసులో ఈగ

“కళ్ళు కాకులెత్తుకుపోయాయా? మళ్ళీ ఈగ!” అంటూ ఆయన పాలగ్లాసును సింకులో కుమ్మరించాడు.

నెల రోజులుగా పొద్దున్నే ఇదే వరస. భార్యకు మాత్రం ఆ పాలలో ఏమీ కనిపించేది కాదు. ఆ మాట అంటే ఆయన నవ్వేవాడు. “ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు పట్టిన కన్నే ఇది. నీకేం కనిపిస్తుందిలే, గుడ్డి గుర్రమా!” ఇంటికి ఎవరొచ్చినా ఆమెను ఆ పేరుతోనే పిలిచేవాడు.

చివరికి ఆమె తన కళ్ళనే అనుమానించి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆమె చూపు బాగానే ఉందని తేలింది. వెంట వెళ్ళిన ఆయన ఆమెను లేపి ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు.

“నావి కూడా చూడండి డాక్టరుగారూ. కన్నంటే ఎలా ఉండాలో ఈవిడకు తెలియాలి.”

డాక్టరమ్మ తెర మీద పడిన ఆయన కంటి బొమ్మను చాలాసేపు చూసింది. “వయసుతో వచ్చే జబ్బండీ. ఇంకా మొదట్లోనే ఉంది. కంటి లోపలి పొర సరిగ్గా మధ్యలో పలచబడింది, అక్కడి సన్నటి రక్తనాళాలూ తగ్గాయి. తెల్లటి వస్తువును చూస్తే మధ్యలో చిన్న మచ్చేమైనా కనిపిస్తోందా?”



“రోజూ కనిపిస్తోందమ్మా, పాలల్లో” అంది భార్య.

మర్నాడు పొద్దున ఆయన గ్లాసులోకి చూసి ఆగిపోయాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెను మెల్లగా అడిగాడు.

“కాస్త చూసిపెట్టవూ? ఇది నా కంట్లోదేనా?”

ఆమె వంగి చూసింది. ఈగ రెక్కలు తడిసిపోయాయి. ఒక కాలు ఇంకా కదులుతోంది.

“మీ కంట్లోదేనండీ. తాగేయండి” అంది.