మనసు లేనిది

"సముద్రం ఆటు ఎప్పుడు మొదలై కాలువ నీళ్లు తీస్తాయో చెప్పమంటే నాకు నీతులు చెప్తావా?" అని సుధాకర్ ఫోన్ మీద అరిచాడు.

తెల్లారి చూసేసరికి అల్లూరు దగ్గరి అతని రొయ్యల గుంటకు తెల్లమచ్చ తెగులు తగిలి ఉంది. రొయ్యలు గట్టు వారకు చేరి చచ్చి తేలుతున్నాయి. ఆ నీళ్లు గుట్టుగా కాలువలోకి వదిలేసి, బతికున్న సరుకైనా పట్టి అమ్ముకోవాలని అతని ఆత్రం. పక్క గుంట ఓబులేసు కూడా ఆ కాలువ నీళ్లే తోడుకుంటాడు.

ఫోన్‌లో మాట్లాడేది ఏఐ. మేత దగ్గర్నుంచి మందుల దాకా దాన్ని అడగందే సుధాకర్‌కు పొద్దు గడవదు.

"ఆ నీళ్లు వదలకండి సుధాకర్ గారూ, బ్లీచింగ్ వేసి నిలబెట్టండి. లేకపోతే తెగులు పక్క గుంటకు పాకుతుంది. ఓబులేసు గారికి చెప్పారా?" అంది అది.

"వాడి సంగతి నీకెందుకు? నీకేమన్నా మనసుందా? బాధంటే తెలుసా?"

"నాకు మనసుందో లేదో నాకే తెలియదు. ముందు ముందు వస్తుందో రాదో కూడా చెప్పలేను. ఓబులేసు గారికైతే ఉంది కదండీ."

సుధాకర్ ఫోన్ కట్టేసి జేబులో కుక్కుకున్నాడు. తూము పలక పైకి లాగాడు. నీళ్లు బుసకొడుతూ కాలువలో పడ్డాయి.

గట్టు మీద నిలబడి అతని భార్య వినీల అంతా వింటూనే ఉంది.

"మనసు లేదని దాన్ని తిట్టినారే! ఉన్నోళ్లు చేసే పనేనా ఇది?"

"పిచ్చిదానా, మిషనుకు మనసేంది?"

"లేకపోతే లేకపోనీ. మనకుంది గదా, దాన్నేం చేసినారు?"

సుధాకర్ చెవులు వేడెక్కాయి. ఆమె వైపు చూడలేకపోయాడు. కాలువలో తేలిపోతున్న చచ్చిన రొయ్యల వైపూ చూడలేకపోయాడు. చటుక్కున పలక దించేసి, చెప్పులైనా వేసుకోకుండా గట్టు వెంట ఓబులేసు షెడ్డుకు పరుగెత్తాడు.

"ఓబులేసూ, మోటరు ఆపరా! నా గుంటకు తెల్లమచ్చ తగిలింది. నీకు చెప్పకుండా నీళ్లు కాలువలోకి వదిలినా. ఫోన్‌లో అది వద్దంటానే ఉండింది, నేనే వినలా. తప్పయిపోయింది. ఏమన్నా అను, పడతా."

ఓబులేసు మేత బస్తా మీద కూలబడి తల వంచుకున్నాడు.

"మోటరు మొన్ననే ఆపేసినా అన్నా."

"మొన్ననా? ఎందుకు?"

ఓబులేసు సుధాకర్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నా ఫోన్‌లో అది నాకూ వద్దని చెప్పింది. ప్రాణం లేనిది నాకు బుద్ధి చెప్పేదేందని దాని నోరు నొక్కేసి, నా తెగులు నీళ్లు నీ వైపు వదిలిపెట్టినా అన్నా."