కేబుల్ టీవీలో మా కొట్టు

మా వీధిలో అనిత అనే అమ్మాయి వైజాగ్‌లో బొమ్మలు కదిలించే చదువు, అదే యానిమేషన్, చదువుతోందండి. సెలవులకి అమలాపురం వచ్చి, కేబుల్ టీవీకి మా కిరాణా కొట్టు ప్రకటన కంప్యూటర్లో చేసిపెడతానంది. ఇంకేముంది, రోజూ కొట్టు ముందు స్టూలేసుకుని నన్నే చూడ్డం.

"పది సెకన్ల బొమ్మకి నెల్రోజులేంటమ్మా? ఈలోగా నేను లారీడు కందిపప్పు అమ్మేస్తాను" అని ఏడిపించేవాణ్ణి.

"సెకనుకి పన్నెండు బొమ్మలు గీయాలి మావయ్యగారూ. మామూలుగా కంటికి ఆననివి కూడా గీస్తేనే బొమ్మ మనిషిలా కదుల్తుంది" అనేది. చాదస్తం అనుకున్నాను.

నిన్న సాయంత్రం టీవీలో వేసేరు. అచ్చం నేనేనండి. అదే బొజ్జ, భుజమ్మీద అదే తువ్వాలు. నవ్వుతూ పప్పు తూస్తున్నాను. నా చిటికెన వేలు మెల్లిగా తక్కెడలో పప్పున్న పళ్ళేన్ని కిందకి నొక్కుతోంది.

మా ఆవిడ గభాలున టీవీ కట్టేసింది. ఊళ్ళో టీవీలన్నీ కట్టెయ్యలేదు కదండీ.

అనిత దగ్గరికి పరిగెత్తుకెళ్ళి "ఆ వేలు తీసెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాను.

పాపం, తెల్లమొహం వేసింది. "తూకం ఎవరైనా అలాగే వేస్తారనుకున్నానండి. చిన్నప్పట్నుంచీ మాకు మీరు అలాగే తూస్తున్నారు కదా."